చర్చిలో నేరుగా సౌండ్ మిక్సర్‌కే వాయిస్తాను: ఆరు పెడల్స్‌కు బోర్డు ఎలా కట్టాలి?

తెనాలి_తీగలు:

అందరికీ నమస్కారం అండి. మాది తెనాలి. ఆదివారం ఆరాధనలో గిటారు వాయిస్తాను, అప్పుడప్పుడు కాలేజీ కార్యక్రమాల్లో కూడా. ఒక్కొక్కటిగా కొనుక్కున్న పెడల్స్ (కాలితో నొక్కి గిటారు శబ్దాన్ని మార్చే చిన్న డబ్బాలు) ఆరయ్యాయి: శ్రుతి చూసుకునే టీయూ-3 ట్యూనర్, వావ్‌మనిపించే క్రై బేబీ వా, శబ్దాన్ని గరుకు చేసే ఎస్‌డీ-1 ఓవర్‌డ్రైవ్, డీఎస్-1 డిస్టార్షన్, ప్రతిధ్వని ఇచ్చే డీడీ-8 డిలే, హాలులో వాయించినట్టు వినిపించే ఆర్‌వీ-6 రివర్బ్. వా తప్ప మిగతావన్నీ బాస్ (Boss) కంపెనీవి. ఇప్పటివరకు వీటిని నేలమీద పరిచి, ఒకే అడాప్టర్ నుంచి పెడల్ పెడల్‌కూ కొమ్మలు చీలే వైరుతో కరెంటు ఇస్తున్నాను. ప్రతి వారం ముందుగా వెళ్ళి అన్నీ కలపాలి, అయ్యాక విప్పాలి. మధ్యలో పాడేవాళ్ళ కాలు తగిలి ఏదో ఒక వైరు ఊడుతుంది. ఇక అన్నిటినీ ఒకే పలక మీద బిగించి బోర్డు కట్టేయాలని నిర్ణయించుకున్నాను.

సందేహాలు ఇవి. ఏ పెడల్ తరువాత ఏది ఉండాలి? దిగుమతి బోర్డు ధరకు ఇంకో పెడల్ వచ్చేలా ఉంది, ప్లైవుడ్‌తో చేయిస్తే సరిపోదా? డిస్టార్షన్ నొక్కితే వెనక సన్నగా కీచుమనే శబ్దం వస్తోంది. డిలేను వరుసలోంచి పూర్తిగా తీసేస్తే ఆ శబ్దం ఉండదు. ఇంకో చిక్కు: చర్చిలో ఆంప్ (గిటారుకు వాడే, స్పీకర్ ఉన్న యాంప్లిఫయర్) లేదు, రివర్బ్ నుంచి కేబుల్ నేరుగా మిక్సర్‌కే. అక్కడ డిస్టార్షన్ వేస్తే మైకులో దోమల గుంపు దూరినట్టు ఉంటుంది. అదే పెడల్ స్నేహితుడి ఆంప్‌లో ఎంతో బాగుంటుంది. ఇంట్లో పాత వైఫై రౌటర్ అడాప్టర్ ఒకటి ఉంది, దాన్ని డిలేకు విడిగా వాడవచ్చా? మా బావ డల్లాస్ నుంచి సంక్రాంతికి వస్తున్నాడు, మంచి పవర్ సప్లై చెబితే తెస్తానన్నాడు. తరువాత ఒక జెర్మేనియం ఫజ్ (జెర్మేనియం ట్రాన్సిస్టర్లతో చేసిన, గరుకు శబ్దం ఇచ్చే ఇంకో రకం పెడల్) కూడా కొనాలని ఉంది. పెద్దలు సలహా ఇవ్వగలరు.

ఒకే_డబ్బా:

ఆరూ అమ్మేసి ఒక మల్టీ ఎఫెక్ట్స్ (అన్ని పెడల్స్ పనీ చేసే ఒకే డబ్బా) తీసుకోండి. ఆంప్, స్పీకర్ నమూనాలు అందులోనే ఉంటాయి, నేరుగా మిక్సర్‌కు పెట్టినా దోమలు రావు. ఒకే అడాప్టర్, ఒకే కేబుల్. బోర్డు, వడ్రంగి, బావ, ఎవరితోనూ పని లేదు.

స్టేజీ_పక్కన:

తమ్ముడూ, నేను విశాఖలో ఆర్కెస్ట్రాలకు గిటారు వాయిస్తూ జుట్టు నెరిసినవాడిని. పై మిత్రుడి మాట కొట్టిపారేయను. రిసెప్షన్‌లో పాటకో రంగు మార్చాలంటే మల్టీ ఎఫెక్ట్సే నయం, నా దగ్గరా ఒకటి ఉంది. కానీ దాంట్లో ఏదైనా మార్చాలంటే వంగి తెర మీద మెనూలు వెతుక్కోవాలి, ఈలోగా పల్లవి అయిపోతుంది. నీ ఆరు పెడల్స్ మంచివి, వాటిలో ఏ లోపమూ లేదు. ఏది ముందు, ఏది వెనక అని అందరూ మొదట అడుగుతారు. నా లెక్కలో అది చివరి ప్రశ్న. కేబుల్ రెండో కొస ఎక్కడికి వెళ్తోందో ముందు చూడాలి. నీ చిక్కంతా అక్కడే ఉంది.

గిటారు ఆంప్‌లో ఉండే పన్నెండు అంగుళాల స్పీకర్ 5,000 హెర్ట్జ్ దాటాక చేతులెత్తేస్తుంది. సెలెస్టియన్ వింటేజ్ 30 స్పీకర్‌కు ఆ కంపెనీ ఇచ్చే పరిధే 70 నుంచి 5,000 హెర్ట్జ్. డిస్టార్షన్‌లో చెవికి గుచ్చుకునే గరుకు అంతకు పైన ఉంటుంది. ఆంప్‌లో వాయించినప్పుడు స్పీకరే దాన్ని వడకట్టేస్తుంది, అందుకే నీ స్నేహితుడి ఇంట్లో బాగుంది. చర్చి స్పీకర్లు మాట స్పష్టంగా వినబడాలని చేసినవి. పైస్థాయి ధ్వనుల కోసం వాటిలో విడిగా ఒక హారన్ ఉంటుంది. 15,000 హెర్ట్జ్ దాకా ఏది పంపినా దాచకుండా వినిపిస్తాయి. పాస్టర్ గారి ప్రసంగానికి అది వరం, నీ డిస్టార్షన్‌కు శాపం.

కాబట్టి నువ్వు కొనవలసిన ఏడో పెడల్ ఫజ్ కాదు. ఆంప్, స్పీకర్ చేసే పనిని అనుకరించే పెడల్ కావాలి. టెక్ 21 వాళ్ళు 1989లో శాన్స్‌ఆంప్ తెచ్చిందే ఇందుకు. దాని దారిలో తరువాత చాలా వచ్చాయి. జోయో అమెరికన్ సౌండ్ లాంటిది తక్కువ ధరలో దొరుకుతుంది, ఆరాధన పాటలకు అది చాలు. అది వచ్చేదాకా డీఎస్-1 టోన్ నాబ్‌ను బాగా ఎడమకు తిప్పి ఉంచు. మిక్సర్‌లో హై నాబ్ కూడా తగ్గించమను. ఆ నాబ్ సాధారణంగా 10,000 హెర్ట్జ్, ఆ పైన పట్టుకునేది కనుక గరుకు కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ఇక వరుస. గిటారు, ట్యూనర్, వా, ఎస్‌డీ-1, డీఎస్-1, ఆంప్ పెడల్, డిలే, రివర్బ్, మిక్సర్. డిస్టార్షన్ ముందు డిలే పెడితే ప్రతిధ్వనులన్నీ కలిసి నలిగి ముద్ద అవుతాయి, ఏ స్వరం ఎక్కడ మొదలైందో తెలియదు. ఎస్‌డీ-1ను డీఎస్-1కి ముందు పెట్టి, డ్రైవ్ దాదాపు సున్నా, లెవెల్ ఎక్కువ ఉంచి చూడు. కింది తీగల బరువు తగ్గి, సోలో ముందుకు వస్తుంది. వాను డిస్టార్షన్ తరువాత పెట్టేవాళ్ళూ ఉన్నారు. అప్పుడు దాని ఊపు మరీ పెద్దదవుతుంది, కీర్తనల మధ్య అది నప్పదు. రివర్బ్ సంగతి కూడా చెప్పాలి. మీ హాలు కాంక్రీటుదైతే కావలసినంత ప్రతిధ్వని అదే ఇస్తుంది, ఇంట్లో బాగున్న సెట్టింగులో సగం కూడా అక్కడ అక్కర్లేదు.

డిలేకు ఒక లెక్క గుర్తుంచుకో. 60,000ను నిమిషానికి పడే దరువులతో భాగిస్తే ఒక దరువు ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 120 దరువుల పాటకు 500. ఈ కాలపు ఆరాధన పాటల్లో వినిపించే ఆ గెంతే డిలే దానిలో ముప్పావు వంతు, అంటే 375.

ఇప్పుడు అసలు బోర్డు. శబ్దం నడిచే దారి వేరు, కాలు నడిచే దారి వేరు. ఈ రెండూ ఒకే వరుసలో ఉండాలని ఎక్కడా లేదు. పాట మధ్యలో తొక్కేవి ముందు వరుసలో, ఒకసారి వేసి వదిలేసేవి వెనక వరుసలో. నీ లెక్క ప్రకారం ముందు వరుసలో కుడి నుంచి వా, ఎస్‌డీ-1, డీఎస్-1, డిలే. వెనక ట్యూనర్, ఆంప్ పెడల్, రివర్బ్. ట్యూనర్‌ను పాటల మధ్య తీరికగానే తొక్కుతాం కదా, వెనక ఉన్నా ఫరవాలేదు. బాస్ పెడల్స్‌లో కేబుల్ లోపలికి వెళ్ళేది కుడి పక్క, బయటికి వచ్చేది ఎడమ పక్క. అందుకే కుడి నుంచి మొదలుపెట్టమన్నాను. రెండు వరుసల మధ్య పెడల్స్‌ను కలిపే ప్యాచ్ కేబుల్స్ కాస్త పొడవైనవి రెండు మూడు పడతాయి, పడనీ.

కొలతలు: బాస్ పెడల్ వెడల్పు 73 మిల్లీమీటర్లు, పొడవు 129. వా సుమారు 10 సెంటీమీటర్ల వెడల్పు, 25 పొడవు, కనుక రెండు వరుసలనూ అదే ఆక్రమిస్తుంది. 60 సెంటీమీటర్ల పొడవు, 35 వెడల్పు ఉన్న పలక తీసుకుంటే అన్నీ సర్దుకుని, ముందు వరుసలో ఎడమ చివర ఇంకొక పెడల్‌కు చోటు మిగులుతుంది. పెడల్స్ మధ్య ఎంత ఎడం అన్నది నీ పాదాన్ని బట్టి. చర్చిలో చెప్పులు బయట విడిచి వాయిస్తావు, కాలేజీలో బూట్లతో వాయిస్తావు. వట్టి కాలికి సరిపోయిన ఎడం బూటుకు సరిపోదు, ఒకేసారి రెండు పెడల్స్ నొక్కుకుంటాయి. బూటుతోనే కొలుచుకో. ఆంప్ పెడల్‌కు ఉండే చిన్న గుండ్రని ఇనుప బొత్తాం వట్టి పాదానికి గుచ్చుకుంటుంది. అది ఎప్పుడూ వేసి ఉంచేది కనుక వెనక వరుసలో ఉండటమే మంచిది.

పలకకు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ చాలు, కానీ నీళ్ళకు ఆగే రకం అడుగు. చెక్కపొట్టు అచ్చుపోసిన బోర్డు వద్దు. వానాకాలం గాలికే ఉబ్బి, స్క్రూలు వదులవుతాయి. వెనక అంచు కింద దిమ్మెలు పెట్టి ఎత్తు చేయించు. ఆ కింద ఖాళీలో పవర్ సప్లై కూర్చుంటుంది. రెండు వరుసల మధ్య పొడవునా ఒక గాడి కోయిస్తే వైర్లన్నీ కిందికి దిగిపోతాయి. అందరూ వెల్క్రో అంటారు. మీ కృష్ణా తీరం ఎండల్లో, మూసి ఉన్న కారు డిక్కీలో ఒక మధ్యాహ్నం ఉంచితే దాని జిగురు కరిగి పెడల్ జారిపోతుంది. సైకిల్ షాపుకు వెళ్ళి పాత చైను అడుగు, లింకులు విడదీయించు. ఒక్కో లింకుకు రెండు రంధ్రాలుంటాయి కదా. పెడల్ అడుగున మూలల్లో ఉన్న స్క్రూ విప్పి, ఒక రంధ్రాన్ని దాంతో బిగించు, రెండో రంధ్రాన్ని చెక్క స్క్రూతో పలకకు బిగించు. ఊరూరూ తిరిగినా కదలదు. తీయాలంటే స్క్రూడ్రైవర్ ఒకటి చాలు.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. గుంయ్‌మనే శబ్దం పోతుందని ఎవరైనా ప్లగ్‌లోని మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, విరిచేయమంటే వినవద్దు. ఒక చేతిలో గిటారు, పెదవులకు మైకు ఉన్నప్పుడు రెండింటి ఎర్త్ వేరైతే షాక్ మూతికే కొడుతుంది. బోర్డుకు కరెంటు మిక్సర్ ఉన్న లైను నుంచే తీసుకో. ఆ తరువాత కూడా గుంయ్‌మంటే డీఐ బాక్సు (గిటారు సిగ్నల్‌ను మిక్సర్‌కు అనువుగా మార్చే చిన్న పెట్టె) పెట్టించు. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సులో గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటుంది, అది కేబుల్ గ్రౌండ్‌నే విడదీస్తుంది, కరెంటు ఎర్త్ జోలికి పోదు. కాలేజీ స్టేజీ మీదైతే రంగు లైట్ల డిమ్మర్లు ఉన్న లైను నీకు వద్దని ముందే చెప్పు. లైటు తగ్గించినప్పుడల్లా గిటారులో బర్రుమంటుంది.

టంకం_పొగ:

పెద్దాయన కాలి సంగతి, చెక్క సంగతి చెప్పేశారు కనుక నేను కరెంటు సంగతి చూస్తాను. హైదరాబాద్‌లో పెడల్స్ బాగుచేస్తుంటాను, సామాను కోఠి గుజరాతీ గల్లీలో కొంటాను. నా బల్ల మీదికి వచ్చే చనిపోయిన పెడల్స్‌లో చాలావాటిని చంపింది అడాప్టరే.

మొదట రౌటర్ అడాప్టర్. వద్దండి. మీ పెడల్స్‌కు 9 వోల్టులు కావాలి, పిన్ను మధ్యలో మైనస్, బయట ప్లస్. రౌటర్లవి సాధారణంగా మధ్యలో ప్లస్, పైగా చాలావరకు 12 వోల్టులు. ప్లగ్ మాత్రం చక్కగా పట్టేస్తుంది, ప్రమాదమంతా అందులోనే ఉంది. లేబుల్ మీద చిన్న వృత్తాల బొమ్మ చూసి, మల్టీమీటర్‌తో కొలిచాకే పెట్టండి. వోల్టులు సరిగ్గా సరిపోవాలి. మిల్లీ ఆంపియర్లు ఎక్కువ ఉన్నా నష్టం లేదు, పెడల్ తనకు కావలసినంతే తీసుకుంటుంది.

కీచు శబ్దం డిజిటల్ పెడల్స్ లోపలి గడియారపు (క్లాక్ సర్క్యూట్) సందడి. డీడీ-8, ఆర్‌వీ-6 రెండూ డిజిటల్. గ్రౌండ్ వైరు అందరికీ ఒకటే కనుక ఆ సందడి డీఎస్-1 దాకా చేరుతుంది, డీఎస్-1 దాన్ని వందల రెట్లు పెంచి వినిపిస్తుంది. ఖాయం చేసుకోవడానికి డీఎస్-1 అడాప్టర్ తీసి, 9 వోల్టుల బ్యాటరీ పెట్టి వినండి. కీచు పోతే తప్పు పెడల్‌ది కాదు, కరెంటుది. వాయించడం అయ్యాక ఇన్‌పుట్ కేబుల్ పీకేయండి, అది ఉన్నంతసేపూ పెడల్ ఆపి ఉన్నా బ్యాటరీ అరుగుతూనే ఉంటుంది.

దీనికి శాశ్వతమైన మందు ఐసొలేటెడ్ పవర్ సప్లై. ప్రతి అవుట్‌పుట్‌కూ గ్రౌండ్ విడిగా ఉంటుంది. పేరు చూసి మోసపోకండి. పది రంధ్రాలున్న చౌక డబ్బాల్లో చాలావాటిలో లోపల అన్నీ ఒకే గ్రౌండ్‌కు అతికి ఉంటాయి. ప్లగ్ గోడ నుంచి తీసేసి, మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి, మీటరు ముళ్ళు రెండింటినీ రెండు అవుట్‌పుట్‌ల ప్లస్ కొసలకు ఒకసారి, మైనస్ కొసలకు ఒకసారి తాకించి చూడండి. బీప్‌మంటే అది ఐసొలేటెడ్ కాదు.

మీ బావగారికి ఏం చెప్పాలంటే: అమెరికాలో 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనకు 230, 50. లోపల పాత పద్ధతి ట్రాన్స్‌ఫార్మర్ ఉండి 120 అని మాత్రమే రాసి ఉన్న సప్లై తెస్తే, ఇక్కడ ప్లగ్ పెట్టిన మొదటి నిమిషంలోనే దాని కథ ముగుస్తుంది. అడుగున 100-240 అని ఉండాలి. ట్రూటోన్ సీఎస్7, సియోక్స్ డీసీ7 రెండూ అలాంటివే, రెండింటికీ ఏడేసి ఐసొలేటెడ్ అవుట్‌పుట్‌లు. అన్నీ 9 వోల్టులవే కాకపోవచ్చు, ఏ పెడల్‌ను దేనికి పెడుతున్నారో వోల్టులు చూసుకుని పెట్టండి. ట్రూటోన్ వన్ స్పాట్ అడాప్టర్ కూడా 100-240దే, 1,700 మిల్లీ ఆంపియర్లు ఇస్తుంది. కానీ అది కొమ్మల వైరుకు పెట్టేది కనుక మీ కీచు మీకే మిగులుతుంది. మీ పెడల్స్‌లో ఎక్కువ లాగేవి డీడీ-8, ఆర్‌వీ-6. మొదటిదానికి 65, రెండోదానికి 95 మిల్లీ ఆంపియర్లు. 100 మాత్రమే ఇచ్చే అవుట్‌పుట్‌కు ఆర్‌వీ-6 పెట్టి అంచు మీద నడిపించకండి, పెద్దదానికి పెట్టండి. వా, ఎస్‌డీ-1, డీఎస్-1 లాగేది చాలా తక్కువ, దేనికి పెట్టినా ఒకటే.

ఫజ్ విషయంలో జాగ్రత్త. 1966లో లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ (తరువాత డల్లాస్ ఆర్బిటర్ అయింది) తెచ్చిన ఫజ్ ఫేస్ ఈ కుటుంబానికి పెద్దది. ఇక్కడ డల్లాస్ అన్నది కంపెనీ పేరు, మీ బావగారి ఊరు కాదు. ఈ రకం ఫజ్‌కు గిటారు పికప్ (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం) నేరుగా తగలాలి. మధ్యలో బఫర్ (సిగ్నల్‌ను బలంగా ముందుకు పంపే చిన్న సర్క్యూట్) వస్తే శబ్దం పలచగా, గరుకుగా మారుతుంది, గిటారు వాల్యూమ్ తగ్గించి శుభ్రంగా చేసుకునే సుఖం పోతుంది. మీ బాస్ పెడల్స్ అన్నిటిలో బఫర్ ఉంటుంది, ట్యూనర్‌లో కూడా. కాబట్టి ఫజ్ ట్యూనర్‌కన్నా ముందు రావాలి. పాత పద్ధతి జెర్మేనియం ఫజ్‌లలో ప్లస్సే గ్రౌండ్. దాన్ని కొమ్మల వైరుకు మిగతా పెడల్స్‌తో కలిపితే నేరుగా షార్ట్ అవుతుంది. విడి అవుట్‌పుట్ కానీ బ్యాటరీ కానీ పెట్టాలి.

అలాగని బఫర్ శత్రువు కాదు. గిటారు కేబుల్ మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ మోస్తుంది, అది పెరిగేకొద్దీ పైస్థాయి ధ్వనులు తగ్గుతాయి. 2.5 హెన్రీల పికప్‌తో 5 మీటర్ల కేబుల్ కలిస్తే దాని మెరుపు, అంటే అన్నిటికన్నా గట్టిగా పలికే చోటు, సుమారు 4,500 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. బఫర్ లేకుండా గిటారు నుంచి మిక్సర్ దాకా మొత్తం 12 మీటర్లు చేస్తే అది 2,900కు దిగజారుతుంది. గిటారు మీద దుప్పటి కప్పారా అనిపిస్తుంది. మొదట్లోనే ట్యూనర్ ఉంటే ఆ తరువాతి కేబుల్ పొడవు లెక్కలోకి రాదు.

తెనాలి_తీగలు:

ఇంత ఓపికగా చెప్పినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు అండి. బ్యాటరీ పెట్టి చూశాను, కీచు పూర్తిగా పోయింది. బావకు సీఎస్7 పేరు పంపి, 100-240 అని ఉన్న లేబుల్ ఫోటో తీసి చూపించాకే కొనమన్నాను. అతను నవ్వాడు కానీ సరేనన్నాడు.

చర్చిలో ఎలక్ట్రీషియన్‌తో చూపిస్తే, వేదిక దగ్గర రెండు ప్లగ్‌లలో మూడో రంధ్రానికి లోపల వైరే లేదట. ఇంకో సందేహం. ఇంట్లో హెడ్‌ఫోన్స్ ఆంప్ పెట్టుకుని వాయిస్తే తీగలు తాకినప్పుడు చేతికి సన్నగా జివ్వుమంటుంది. చర్చిలో మిక్సర్‌కు కలిపితే అలా ఉండదు. ఇది ప్రమాదమా?

టంకం_పొగ:

మీ అడాప్టర్ రెండు పిన్నులదే అయి ఉంటుంది. అలాంటివాటి లోపల కరెంటు వైపు నుంచి 9 వోల్టుల వైపుకు శబ్దం అణచడానికి ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. ఎక్కడా ఎర్త్ లేనప్పుడు దాని గుండా అతి కొద్ది కరెంటు తీగల దాకా వస్తుంది, ఆ జివ్వు అదే. మంచి అడాప్టర్‌లో అది ప్రమాదకరం కానంత తక్కువ. బ్రాండు లేని అడాప్టర్ అయితే మాత్రం ఈరోజే పక్కన పెట్టేయండి. మీ చర్చి మిక్సర్ ఉన్న ప్లగ్‌కు ఎర్త్ సరిగ్గా ఉన్నట్టుంది, అందుకే అక్కడ పోతోంది. బోర్డుకు మీరు వాడే ప్లగ్ మాత్రం ఆ రెండు ఖాళీవాటిలో ఒకటి కాకూడదు.

ఒకే_డబ్బా:

ఇంత చదివాక కూడా నా మాట మార్చుకోను. కానీ ఆ సైకిల్ చైను సంగతి మాత్రం రాసిపెట్టుకున్నాను, నా డబ్బాకూ పనికొస్తుంది.

స్టేజీ_పక్కన:

తమ్ముడూ, ఆ రెండు ప్లగ్‌లకు ఎర్త్ వేయించమని సంఘ పెద్దలకు చెప్పు. నీ గిటారు కోసమని చెప్పకు, మైకు పట్టుకునే వాళ్ళందరి కోసమని చెప్పు, పని త్వరగా అవుతుంది. నిజం కూడా అదే. అయ్యేదాకా మిక్సర్ ఉన్న ప్లగ్ నుంచే మూడు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డు లాక్కో.

ఎడమ చివర మిగిలే చోటు ఫజ్‌కు వద్దు. అది ట్యూనర్ ముందు రావాలన్నారు కదా, కనుక వాను కాస్త ఎడమకు జరిపి కుడి అంచున దానికి చోటు వదులు. కేబుల్ అక్కడి నుంచి వెనక ట్యూనర్‌కు దగ్గర. వడ్రంగి దగ్గరికి వెళ్ళే ముందు 60కి 35 కొలతలో ఒక అట్ట కోసి, పెడల్స్ దాని మీద పరిచి ఒక ఆదివారం పూర్తిగా వాయించు. పాట మధ్యలో ఏ పెడల్ కోసం తల దించి చూడవలసి వచ్చిందో దాని చోటు మార్చు. రంధ్రాలు ఆ తరువాత వేయించవచ్చు.